ఇద్దరి మధ్య పొర

ఛాతీ కింద కండపట్టీతో కలిసి పుట్టిన చాంగ్, ఎంగ్ అనే సయాం అన్నదమ్ములు 62 ఏళ్లు అలాగే బతికి, 1874 జనవరిలో అమెరికాలో కన్నుమూశారు. వాళ్లను విడదీయడానికి వైద్యులెవరూ సాహసించలేదు. ఆ పట్టీలో ఏముందో బతికుండగా చూసే మార్గం లేదు. చివరికి ఫిలడెల్ఫియాలో శవపరీక్ష చేస్తే, ఇద్దరి కాలేయాలూ అందులోంచి కలిసి ఉన్నాయని బయటపడింది.

లోపలికి చూసే మార్గం దొరకడానికి ఇంకో 80 ఏళ్లు పట్టింది. అదీ ఒక బాయిలర్ల ఫ్యాక్టరీలో! గ్లాస్గోలో ప్రసూతి వైద్యం చెప్పే ఇయాన్ డొనాల్డ్, 1955 జులైలో, ఆపరేషన్లలో తీసిన గర్భాశయ గడ్డలనూ అండాశయపు నీటితిత్తులనూ కారు డిక్కీల్లో వేయించుకుని రెన్‌ఫ్రూలోని బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కంపెనీకి వెళ్లాడు. అక్కడ లోహంలో పగుళ్లు పట్టే అల్ట్రాసౌండ్ యంత్రం ఉంది. పోల్చి చూసుకోవడానికి కంపెనీవాళ్లు పెద్ద మాంసపు ముక్క కూడా తెచ్చిపెట్టారు. గట్టి గడ్డ నుంచి ఒక రకం ప్రతిధ్వని వస్తే, నీటితిత్తి నుంచి మరో రకం వచ్చింది. ఇంజినీర్ టామ్ బ్రౌన్, డాక్టర్ జాన్ మెక్‌వికార్‌లతో కలిసి డొనాల్డ్ 1958లో లాన్సెట్ వైద్య పత్రికలో రోగుల మీద చేసిన పరీక్షల ఫలితాలు ప్రచురించాడు. ఇవాళ గర్భిణులు చేయించుకునే స్కానింగ్‌కు మూలం అదే.

చాంగ్, ఎంగ్‌ల్లా అతుక్కుని ఉండే అవిభక్త కవలలను కాన్పుకు ముందే అల్ట్రాసౌండ్‌తో గుర్తించామన్న నివేదిక 1976లో వెలువడింది. ఇలా అతుక్కుని పుట్టడం చాలా అరుదు. 50 వేల నుంచి లక్ష కాన్పుల్లో ఒకటి అంటారు. అందుకే స్కాన్ చేసే డాక్టర్ తన వృత్తి జీవితంలో ఒక్క కేసూ చూడకపోవచ్చు. అయినా కవలలనగానే వెతకాల్సింది ఇద్దరి మధ్య పొర. అది స్పష్టంగా ఉంటే ఈ భయం లేదు. లేకపోతే ఓపిగ్గా చూడాలి. ఒక బిడ్డ కదిలితే రెండో బిడ్డా వెంట కదులుతోందా? ఎన్నిసార్లు చూసినా తలలు ఒకే ఎత్తులో ఉంటున్నాయా? చర్మం గీత ఒకరి నుంచి ఇంకొకరికి తెగకుండా సాగుతోందా? ఒకే బొడ్డుతాడులో మూడుకు మించి రక్తనాళాలున్నాయా? మూడో నెలలోనే అనుమానం రావచ్చు. కానీ ఒకే ఉమ్మనీటి సంచిలో ఉన్న విడి కవలలు కూడా ఒక్కోసారి అతుక్కున్నట్టే కనిపిస్తారు. కన్నవాళ్లకు ఈ మాట చెప్పే ముందు మళ్లీ స్కాన్ చేసి చూడటం తప్పనిసరి.

ఆ తర్వాత అసలు ప్రశ్న గుండెది. ఛాతీ దగ్గర అతుక్కున్నవాళ్లే ఎక్కువ. గుండె కండరమే కలిసిపోతే ఇద్దరినీ విడదీసి బతికించడం దాదాపు అసాధ్యం. అందుకే పిండ గుండె స్కాన్, కలర్ డాప్లర్, అవసరమైతే ఎంఆర్‌ఐ. వాటితో ఏ అవయవం ఎవరిదో తేల్చాకే దంపతుల ముందు కూర్చోవాలి. తీవ్రమైన లోపాలున్నట్టు తేలితే, మన దేశ గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం, 24 వారాలు దాటాక కూడా మెడికల్ బోర్డు గర్భస్రావానికి అనుమతించవచ్చు. బిడ్డలను కనాలనే అనుకుంటే పిల్లల సర్జన్లున్న పెద్దాస్పత్రిలో ముందే తేదీ పెట్టుకుని సిజేరియన్ చేయడం క్షేమం. ప్రాణం మీదికొస్తే తప్ప పుట్టగానే విడదీయరు. పిల్లలు కాస్త పుంజుకునేదాకా కొన్ని నెలలు ఆగుతారు. హడావుడిగా చేసిన ఆపరేషన్ల కంటే ఇలా ఆగి చేసినవాటిలోనే ఎక్కువమంది బతుకుతున్నారు. ముందే తెలిస్తే ఆ సన్నాహానికి వ్యవధి దొరుకుతుంది. నా దృష్టిలో స్కానింగ్ ఆ తల్లికి చేసే అతి పెద్ద మేలు ఇదే.