జేమ్స్ ఎర్ల్ జోన్స్

జేమ్స్ ఎర్ల్ జోన్స్ (జనవరి 17, 1931 - సెప్టెంబరు 9, 2024) ప్రసిద్ధ అమెరికన్ రంగస్థల, చలనచిత్ర, టెలివిజన్ నటుడు, గాత్ర కళాకారుడు. 'స్టార్ వార్స్' చిత్రాలలో డార్త్ వేడర్ పాత్రకు, 'ది లయన్ కింగ్' (1994) చిత్రంలో సింహరాజు ముఫాసా పాత్రకు గాత్రదానం చేసి ప్రపంచమంతటా గుర్తింపు పొందాడు. చిన్నతనంలో తీవ్రమైన నత్తి కారణంగా సుమారు ఎనిమిదేళ్ళపాటు దాదాపు మూగవానిగా గడిపిన వ్యక్తి ఈయనే.

బాల్యం, నత్తి

జోన్స్ మిసిసిపీ రాష్ట్రంలోని అర్కబుట్ల అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ ఎర్ల్ జోన్స్ కుటుంబాన్ని విడిచి వెళ్ళి, తరువాతి కాలంలో నటుడయ్యాడు. అందువలన జోన్స్ తల్లి తరపు అమ్మమ్మ, తాతయ్యల వద్ద పెరిగాడు. దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి కుటుంబాలు పెద్దయెత్తున ఉత్తరాదికి తరలిపోతున్న కాలమది. జోన్స్‌కు అయిదేళ్ళ వయస్సులో ఈ కుటుంబం కూడా మిషిగన్ రాష్ట్రంలోని డబ్లిన్ సమీపాన ఒక వ్యవసాయ క్షేత్రానికి చేరుకుంది. పుట్టిన ఊరిని విడిచిన ఆ కలతలోనే తనకు నత్తి మొదలయిందని ఆయన భావించేవాడు. ఇంట్లోనివారితోను, పెంపుడు జంతువులతోను తప్ప బయట నోరు విప్పేవాడు కాదు. బడిలో సమాధానాలన్నీ వ్రాసి చూపించేవాడు.

ఉన్నత పాఠశాలలో డోనాల్డ్ క్రౌచ్ అనే ఆంగ్ల ఉపాధ్యాయుడు ఆ మౌనాన్ని ఛేదించాడు. ఒక శీతకాలంలో ప్రభుత్వ సహాయంగా ఫ్లోరిడా నుండి వచ్చిన గ్రేప్‌ఫ్రూట్ పండ్లు (పంపరపనస జాతివి) ఆ ప్రాంతంలో పంచిపెట్టారు. వాటి రుచికి మురిసి బాలుడు లాంగ్‌ఫెలో ఫణితిలో ఒక పద్యం వ్రాశాడు. పద్యం బాగున్నది, ఇంత బాగా నీవే వ్రాశావా, అయితే తరగతి ముందు నిలబడి చూడకుండా చదివి నిరూపించమన్నాడు ఉపాధ్యాయుడు. జోన్స్ తడబడకుండా చదివాడు. ఛందస్సు గల పాఠాన్ని చదివేటప్పుడు నత్తి సడలుతుందని గురుశిష్యులిద్దరూ గ్రహించారు. ఆపైన క్రౌచ్ అతనిచే షేక్స్‌పియర్ వంటి కవుల రచనలు బిగ్గరగా చదివించి, వక్తృత్వ పోటీలకు పంపాడు. నిండు తరగతిలో విద్యార్థిని అలా నిలబెట్టడం నేటి బోధనాపద్ధతుల దృష్ట్యా చర్చనీయమే. అయినా జోన్స్ మాత్రం ఆ గురువును జీవితాంతం కృతజ్ఞతతో స్మరించాడు. నత్తి పూర్తిగా పోలేదు. పలకడానికి అనువైన పదాలను ముందుగానే ఎంచుకొని మాట్లాడటం ఆయనకు చివరిదాకా అలవాటు. ఆయన సంభాషణలలో కనిపించే ఆచితూచి పలికే తీరుకు ఇదొక కారణం.

రంగస్థలం

మిషిగన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు సంబంధించిన చదువుతో మొదలుపెట్టి, నాటకరంగానికి మారి 1955లో పట్టభద్రుడయ్యాడు. కొంతకాలం సైన్యంలో అధికారిగా పనిచేశాడు. మానిస్టీ పట్టణంలోని రామ్స్‌డెల్ థియేటరులో వడ్రంగి పని చేస్తూనే వేషాలు వేసి, తరువాత న్యూయార్కు చేరుకున్నాడు. మాజీ సైనికులకు లభించే ఆర్థిక సహాయంతో నటనలో శిక్షణ పొందాడు. పొట్ట గడవడానికి నేలలు శుభ్రం చేసే పని కూడా చేశాడు. అప్పటికి నటుడిగా ఉన్న తండ్రితో పరిచయం పెరిగింది ఈ దశలోనే.

1961లో జీన్ జెనే రచన 'ది బ్లాక్స్' నాటకంలో సిసిలీ టైసన్, మాయా ఏంజెలో తదితరులతో కలిసి నటించాడు. 1962లో సెంట్రల్ పార్కులో ప్రదర్శించిన 'ది మర్చంట్ ఆఫ్ వెనిస్'లో షైలాక్ పాత్రధారి జార్జ్ సి. స్కాట్‌ను చూడటానికి వచ్చిన దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్, మొరాకో యువరాజుగా నటిస్తున్న జోన్స్‌ను కూడా గమనించాడు. ఆ విధంగా 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్' (1964) ఆయన మొదటి చలనచిత్రమయింది.

జోన్స్‌ను అగ్రశ్రేణికి చేర్చినది 'ది గ్రేట్ వైట్ హోప్'. హెవీవెయిట్ బాక్సింగులో తొలి నల్లజాతి ప్రపంచ విజేత జాక్ జాన్సన్ జీవితం ఆధారంగా హోవర్డ్ సాక్లర్ రచించిన ఈ నాటకం 1967లో వాషింగ్టన్ నగరంలోని అరీనా స్టేజిలో మొదలై, 1968లో బ్రాడ్వేకు చేరింది. నల్లజాతి వీరుడు, తెల్లజాతి స్త్రీల ప్రేమ ఇందులో ప్రధానాంశం కావడంతో కథానాయిక జేన్ అలెగ్జాండర్‌కు ద్వేషపూరితమైన లేఖలు వచ్చాయి. జోన్స్‌కు 1969లో ఉత్తమ నటుడిగా టోనీ పురస్కారం లభించింది. 1970లో వచ్చిన చిత్రరూపానికి ఆస్కారు ప్రతిపాదన పొంది, సిడ్నీ పోయిటియర్ తరువాత ఉత్తమ నటుని విభాగంలో ప్రతిపాదితుడైన రెండవ నల్లజాతి నటుడయ్యాడు. ఆ ఏడు బహుమతి దక్కినది పాత సహనటుడు జార్జ్ సి. స్కాట్‌కే, ఆయన దానిని నిరాకరించాడు.

రెండవ టోనీ 1987లో ఆగస్ట్ విల్సన్ నాటకం 'ఫెన్సెస్' ద్వారా వచ్చింది. జాతివివక్ష వలన బేస్‌బాల్‌లో ఎదగలేక పిట్స్‌బర్గ్‌లో చెత్త ఎత్తే పనివానిగా మిగిలిపోయి, తన కొడుకు ఆశలకు తానే అడ్డుగోడగా నిలిచే ట్రాయ్ మాక్సన్ పాత్ర అది. వేడర్, ముఫాసాల మాటున మరుగునపడినా, జోన్స్ నటనాశక్తిని అంచనా వేయదలచినవారు ముందుగా చెప్పుకోవలసినవి ఈ రెండు నాటకాలే.

గాత్రదానం

1977లో జార్జ్ లూకాస్ నిర్మించిన 'స్టార్ వార్స్'లో డార్త్ వేడర్ ముసుగు, కవచాలు ధరించి నటించినది బ్రిటిష్ నటుడు డేవిడ్ ప్రౌజ్. లూకాస్ మరింత గంభీరమైన కంఠం కోరి జోన్స్‌ను పిలిపించాడు. రికార్డింగు సుమారు రెండున్నర గంటలలో పూర్తయిందని, పారితోషికం 7,000 డాలర్లని జోన్స్ చెప్పాడు. మొదటి రెండు చిత్రాలలో తన పేరు వేయవద్దని ఆయనే కోరాడు; అది నటన కాదు, ఒక ప్రత్యేక సాంకేతిక ప్రభావం మాత్రమేనని ఆయన అభిప్రాయం. 1983 నాటి మూడవ చిత్రంలో పేరు కనిపించింది. అందులో ముసుగు తొలగించిన ముఖం సెబాస్టియన్ షా అనే మరో నటునిది, కత్తియుద్ధాలు బాబ్ ఆండర్సన్‌వి. నలుగురు మనుషులు కలిసి చేసిన ఆ పాత్రను లోకం గొంతుతోనే గుర్తుపెట్టుకుంది.

'కమింగ్ టు అమెరికా' (1988)లో జోన్స్‌కు రాణిగా నటించిన మ్యాడ్జ్ సింక్లెయిర్, 'ది లయన్ కింగ్'లో ముఫాసా భార్య సరాబీకి గాత్రమిచ్చింది. 2019 నాటి పునర్నిర్మాణంలో మిగిలిన ప్రధాన పాత్రలకు కొత్తవారు వచ్చినా, ముఫాసా గొంతు మాత్రం జోన్స్‌దే. ఈ చిత్రం తెలుగు అనువాదంలో ముఫాసాకు పి. రవిశంకర్, సింబాకు నాని గాత్రదానం చేశారు. సి.ఎన్.ఎన్. వార్తా ఛానెల్ పేరును ప్రకటించే గొంతు కూడా జోన్స్‌దే.

2022లో 'ఒబి-వాన్ కెనోబి' ధారావాహికకు వృద్ధాప్యంలో ఉన్న జోన్స్ అనుమతితో, ఉక్రెయిన్‌కు చెందిన రెస్పీచర్ అనే సంస్థ పాత రికార్డింగుల ఆధారంగా వేడర్ కంఠాన్ని కృత్రిమ మేధతో పునఃసృష్టించింది. ఆయన మరణానంతరం 2025లో కుటుంబం అంగీకారంతో 'ఫోర్ట్‌నైట్' వీడియో గేములో ఇటువంటి కంఠమే వాడగా, నటుల సంఘం తమతో సంప్రదించలేదని కార్మిక మండలికి ఫిర్యాదు చేసింది. సమ్మతి ఉన్నప్పటికీ, తదుపరి తరం గాత్ర కళాకారుల జీవనోపాధి మాటేమిటన్నది ఈ వివాదంలోని ప్రశ్న.

ఇతర చిత్రాలు, పురస్కారాలు

'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్' (1989)లో రచయితగా, 'ది హంట్ ఫర్ రెడ్ అక్టోబర్' (1990)లో అడ్మిరల్ గ్రీర్‌గా, 'క్రై, ది బిలవెడ్ కంట్రీ' (1995)లో పాస్టరుగా చేసిన పాత్రలు పేర్కొనదగినవి. 1991లో ఒకే ఏడాది 'గేబ్రియల్స్ ఫైర్', 'హీట్ వేవ్'లకు రెండు ఎమ్మీ పురస్కారాలు అందుకున్నాడు. 1992లో జాతీయ కళాపతకం, 2011లో గౌరవ ఆస్కారు, 2017లో జీవనసాఫల్య టోనీ లభించాయి. 2022లో బ్రాడ్వేలోని కోర్ట్ థియేటరుకు ఆయన పేరు పెట్టారు.

వ్యక్తిగత జీవితం

మొదటి భార్య జూలియన్ మేరీ. 1982లో నటి సిసిలియా హార్ట్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు. ఆమె 2016లో మరణించింది. జోన్స్ ఆత్మకథ 'వాయిసెస్ అండ్ సైలెన్సెస్' 1993లో వెలువడింది. 2024 సెప్టెంబరు 9న న్యూయార్కు రాష్ట్రంలోని పాలింగ్ సమీపాన స్వగృహంలో 93వ ఏట మరణించాడు. అదే ఏడాది డిసెంబరులో విడుదలైన 'ముఫాసా' చిత్రాన్ని ఆయనకు అంకితమిచ్చారు.