మినమాత అనే ఊరి పేరు

పాదరసాన్ని మన పూర్వులు రసరాజమన్నారు. దానితో హీనలోహాలను బంగారం చేయవచ్చునని రసవాదులు ఆశపడ్డారు. ఆ ఆశ ఫలించలేదు గాని, రాతిలో దాగిన బంగారాన్ని వెలికితీయడానికి మాత్రం పాదరసం నిజంగానే పనికివచ్చింది.

మా పలమనేరు నుంచి వెంకటగిరికోట మీదుగా వెళ్తే కోలారు బంగారు గనులు వస్తాయి. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ కాలూనిన తరువాత చుట్టుపట్ల జిల్లాల తెలుగువారు, తమిళులు ఎందరో ఆ గనులకు కూలికి పోయారు. తొలినాళ్ళ మిల్లులలో రాతిని పొడిగొట్టి, నీటితో కలిపి, పాదరసం పూసిన రాగిరేకుల మీదుగా పారించేవారు. బంగారం పాదరసానికి అంటుకొనేది. ఆ ముద్దను గీకి కాచితే పాదరసం ఆవిరై, బంగారం మిగిలేది. రంగూ వాసనా లేని ఆ ఆవిరిని దీర్ఘకాలం పీల్చినవారికి చేతులు వణుకుతాయి, చిగుళ్ళు వాస్తాయి, మతిమరపు కలుగుతుంది.

కోలారు గనులు 2001 ఫిబ్రవరిలో మూతబడ్డాయి. మరుసటి నెలలోనే కొడైకెనాల్‌లో పాదరసపు థర్మామీటర్ల కర్మాగారమూ మూతబడింది. అది 1980లలో అమెరికాలోని వాటర్‌టౌన్ నుంచి తరలివచ్చినది. అక్కడి 591 మంది మాజీ కార్మికుల విషయమై హిందుస్తాన్ యూనిలీవర్‌తో ఒడంబడిక కుదరడానికి 2016 దాకా పట్టింది. ఒక దేశం వద్దన్న పరిశ్రమ మరొక దేశానికి చేరగలిగినంతకాలం ఏ ఒక్క దేశపు చట్టమూ చాలదు. ప్రపంచ ఒప్పందం అవసరమైనది అందుకే.

జపానులోని మినమాతలో చిస్సో కర్మాగారం సముద్రంలోకి వదిలిన మిథైల్ పాదరసం చేపలలోనికి, చేపలు తిన్న మనుషులలోనికి చేరింది. వ్యాధిని 1956లో గుర్తించారు. కారణాన్ని ప్రభుత్వం ఒప్పుకొన్నది 1968లో. 2013 అక్టోబరులో కుమమోతో నగరంలో దేశాలు అంగీకరించిన ఒప్పందం 2017 ఆగస్టు 16న అమలులోకి వచ్చింది. 2018లో భారతదేశం దానిని ధ్రువీకరించింది. కొత్త పాదరసపు గనులను అది నిషేధించింది. పాదరసపు థర్మామీటర్ల తయారీకి 2020 గడువు పెట్టింది. చిన్నతరహా బంగారు తవ్వకంలో పాదరసాన్ని తగ్గించమన్నది.

ఒప్పందాలకు సాధారణంగా రాయబారులు సమావేశమైన నగరం పేరు పెడతారు: జెనీవా, మాంట్రియల్, క్యోటో. దీనికి మాత్రం రోగులున్న ఊరి పేరు పెట్టారు. కోలారు మిల్లులలో పాదరసపు ముద్దను కాచినవారి పేర్లు ఏ ఒప్పందానికీ ఎక్కలేదు. మీ ఇళ్ళలో ఆ మిల్లులలో పనిచేసిన తాతముత్తాతల ముచ్చట్లేమైనా మిగిలి ఉంటే, మిత్రులు దయచేసి వ్రాసిపెట్టండి.