పెట్టెమీది వేగము

ఇంటి కంప్యూటరునకు ఎస్.ఎస్.డి. (తిరుగు భాగములు లేని నిల్వ డ్రైవు) కొనబోవువారు నేడు పెట్టెమీద సెకనుకు 7000 మెగాబైట్లని అచ్చొత్తిన అంకెను చూచి మురియుట పరిపాటియైనది. ఆ అంకె అసత్యము కాదు; అయినను ఎట్టి పని నప్పగించి, ఎంతసేపు, ఏ స్థితిలోనున్న డ్రైవుతో చేయించి కొలిచిరో పెట్టె చెప్పదు. ఆ ప్రశ్నలను పరీక్షకులు ఒక్కొక్కటిగా అడుగ నేర్చిన వృత్తాంతమే డ్రైవులను పరీక్షించు విద్యకు చరిత్ర.

ఎస్.ఎస్.డి.కి ముందు తిరుగు పళ్లెముల కాలము. 1956లో ఐ.బి.ఎమ్. సంస్థవారు కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో నిర్మించిన రామాక్ యంత్రమున 24 అంగుళముల వ్యాసముగల 50 పళ్లెములు నిమిషమునకు 1200 చుట్లు తిరుగుచు, అంతయు కలిసి 50 లక్షల అక్షరములను భద్రపరచుచుండెను. కోరిన యక్షరము చేజిక్కుటకు సగటున 600 మిల్లీసెకనులు పట్టెడిది. అటుపిమ్మట అర్ధశతాబ్దమునకు పళ్లెములు అరచేతిలో నిముడునంత చిన్నవై, నిల్వశక్తి లక్షలరెట్లు పెరిగినను, తిరుగుడు మాత్రము తప్పలేదు. నిమిషమునకు 7200 చుట్లు తిరుగు హార్డుడిస్కులో కావలసిన భాగము చదువు హెడ్డు క్రిందికి వచ్చుటకే సగటున 4 మిల్లీసెకనులకు పైగా వేచియుండవలెను. ఈ నిరీక్షణమును ఏ ఇంజనీరును పూర్తిగా తొలగింపజాలకపోయెను.

తిరుగుడు లేని నిల్వకు బీజము 1967లోనే పడినది. బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ సీ అనువారు ప్రతిపాదించిన, విద్యుదావేశమును పట్టియుంచు ఫ్లోటింగ్ గేటు నాధారము చేసికొని, తోషిబా ఉద్యోగి ఫుజియో మసువోకా ఫ్లాష్ మెమరీని కల్పించి 1984లో లోకమునకు వెల్లడించెను. నేటి డ్రైవులన్నిటికిని మూలమైన నాండ్ రకము 1987లో వెలుగు చూచెను. 1991లో, నేడు శాన్‌డిస్క్ అని పిలువబడు సంస్థ (దాని స్థాపకులలో కాన్పూరున జన్మించిన సంజయ్ మెహ్రోత్రా యొకడు) ఐ.బి.ఎమ్.కు 20 మెగాబైట్ల ఫ్లాష్ డ్రైవును రమారమి వేయి డాలర్లకు అమ్మెను. గృహస్థుడు ఆశపడదగిన వస్తువు కాదది.

ఆ ఆశకు తావిచ్చినది 2008. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఇంటెల్ సంస్థవారి ఎక్స్25-ఎమ్ 80 గిగాబైట్లతో వెలువడెను. సెకనుకు 250 మెగాబైట్లు చదువును, 70 మెగాబైట్లు వ్రాయును అని వారి ప్రకటన. వ్రాతలో అంతకంటె పెద్ద అంకెలు వేసికొన్న చవక డ్రైవులును అంగడిలో నుండెను. కాని అవి చిన్న చిన్న వ్రాతలు పైబడినప్పుడు కంప్యూటరును ఉన్నదున్నట్లు స్తంభింపజేయుచుండెను. పెద్ద ఫైలు నొకదానిని వరుసగా చదివించి, వ్రాయించి తీర్పు చెప్పు పాతపద్ధతి ఈ రోగమును కనిపెట్టలేకపోయెను.

2009 మార్చిలో ఆనంద్‌టెక్ పత్రికాధిపతి ఆనంద్ లాల్ షింపీ సుదీర్ఘవ్యాసమున మరియొక రహస్యమును బయటపెట్టెను: కొత్తడ్రైవు వేగము వేరు, వాడినడ్రైవు వేగము వేరు. కారణ మిది. ఆనాటి ఫ్లాష్‌లో వ్రాత 4 కిలోబైట్ల పేజీలుగా జరుగును. చెరుపుట మాత్రము 512 కిలోబైట్ల బ్లాకులుగానే సాధ్యము. పలకమీద ఒక్క యక్షరము దిద్దుటకు తక్కిన యక్షరములన్నిటిని వేరొకచోట నెక్కించుకొని, పలకనంతయు తుడిచి, మరల వ్రాసినట్లు, నిండిన డ్రైవు ప్రతి చిన్నమార్పునకును ఇంత శ్రమపడవలసివచ్చును. పైగా మనము ఫైలును తీసివేసితిమని డ్రైవునకు తెలియదు. పనికిరాని దానిని సయితము అది భక్తితో మోయుచుండును. ఆ సమాచారమును డ్రైవున కందించు ట్రిమ్ ఆజ్ఞ ఆ యేటి అక్టోబరులో విండోస్ 7తో ఇండ్లకు చేరెను. నాటినుండి డ్రైవును ముందుగా నింపి, అలయించి, పిదప కొలుచుట పరీక్షకుల ఆచారమైనది. ఈ విద్యలో ఇంతకు మించిన మలుపు లేదని నా తలంపు.

తక్కినది త్వరితముగ చెప్పవచ్చును. డ్రైవును కంప్యూటరుతో కలుపు సాటా మార్గము సెకనుకు 600 మెగాబైట్లను దాటనీయదు గనుక, దానిని మించుటకు 2011లో ఎన్‌వీఎమ్‌ఈ పద్ధతి ఏర్పడెను. ఒక్కొక్క కణమున మూడు బిట్లు దాచు టీ.ఎల్.సీ. ఫ్లాష్ చవకయు, మందగమనమును గలది. ఆ మాంద్యము కనబడకుండ తయారీదారులు కొంతభాగమును ఒక్కబిట్టు పద్ధతిలో వేగముగ వ్రాయు తాత్కాలిక నిల్వగా (క్యాషెగా) నమర్చిరి. చిన్నపరీక్ష ఆ క్యాషెలోనే ముగిసిపోవును. అది నిండిన వెనుక వేగము సగమునకో, అంతకు దిగువకో పడిపోవును. 2014లో సామ్‌సంగ్ 840 ఈవో విషయమున, నెలల క్రిందట వ్రాసినదానిని చదువుటయే నెమ్మదించినదని వాడుకరులు కనుగొనగా, సంస్థవారు ఫర్మ్‌వేర్ సవరించి పంపవలసివచ్చెను. కొన్ననాడు చేసిన ఏ పరీక్షలోను ఆ లోపము బయటపడెడిది కాదు.

పెట్టెమీద 7000 అని యున్న ఆ డ్రైవుచేతనే, ఇంటి కంప్యూటరు నిత్యము చేయు పనివలె, ఒక్కొక్క 4 కిలోబైట్ల తునకను అక్కడొకటి ఇక్కడొకటిగా, ఒకటి ముగిసిన పిదపనే వేరొకటి యడిగి చదివించినచో, సెకనుకు 100 మెగాబైట్లకు అటునిటుగా తేలును. సాటా ఎస్.ఎస్.డి. దానిలో సగమునకు కొంచెము తక్కువ. తిరుగు హార్డుడిస్కు ఒక్క మెగాబైటును ముట్టదు. హార్డుడిస్కును విడిచినవాడు ఆ భేదమును తొలిరోజుననే గుర్తించును. సాటానుండి ఎన్‌వీఎమ్‌ఈకి మారినవాడు మాత్రము, పెద్ద పెద్ద వీడియోలు ఎక్కించువాడైననే తప్ప, గడియారము చేతబట్టి వెదకవలెను.