గజం, మందు, గుండు: మన పెద్దల చేతి తుపాకీ చెప్పే చరిత్ర



గూడేలు వదిలి జీడిమెట్ల పారిశ్రామికవాడకు పనికొచ్చిన మనలో చాలామంది లేత్ మిషన్ల మీద, డ్రిల్లింగ్ మీద చేయి తిరిగినవాళ్లమే. ఇనుప కడ్డీకి తిన్ననైన బోరు వేయడం ఎంత కష్టమో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే ఈసారి వీరుల పేర్లు తలచుకోవడంతో ఆగకుండా, వాళ్లు చేతపట్టిన ఒక పనిముట్టు గురించి మాట్లాడుకుందాం. అదే మూతి నుంచి దట్టించే నాటు తుపాకీ. కొన్ని చోట్ల భర్మారు అంటారు.

ఎప్పుడూ ఒక తరం వెనక

బ్రిటిష్ సైన్యానికి 1853లో ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వచ్చింది. అదీ మూతి నుంచి దట్టించేదే. బోరు సుమారు 14.7 మిల్లీమీటర్లు. లోపల మెలి తిరిగిన మూడు గాడులు. ఆ గాడులే గుండును తిప్పి దూరానికి గురిగా పంపుతాయి.

1857 తిరుగుబాటు తర్వాత పాలకులు ఒక ఉపాయం చేశారు. దేశీయ సిపాయిల తుపాకుల్లో గాడులు లేకుండా, బోరును సుమారు 16.5 మిల్లీమీటర్లకు పెంచి నున్నగా చేయించారు. పైకి అదే తుపాకీ. లోపల గాడి లేదు, దూరపు గురి లేదు. సిపాయికే నున్న గొట్టం ఇచ్చినవాళ్లు అడవి మనిషికి రైఫిల్ దక్కనిస్తారా? మన పల్లెలకు చేరినవి ఎక్కువగా నున్న గొట్టాలే. అవీ చేతులు మారి మారి వచ్చినవి.

1878లో ఆయుధాల చట్టం వచ్చింది. యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చి, మిగిలినవాళ్లకు లైసెన్సు తప్పనిసరి చేశారు. మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, కల్లు మీద పన్నుకూ మన్సబ్‌దారు దోపిడీకీ వ్యతిరేకంగా రంప తిరగబడింది.

బాగుచేయడం, కొలత పట్టడం

పాత తుపాకీ చేతికొస్తే ముందు చూసేది గొట్టంలో మందు మిగిలి ఉందా అనే. గజం లోపలికి దించి, అది ఎంత లోతుకు పోయిందో బయట పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది. తర్వాత తుప్పు. నల్లమందు కాలితే మిగిలే మసి తేమను పట్టి ఇనుమును తినేస్తుంది. అందుకే కాల్చిన ప్రతిసారీ నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డ తిప్పాలి. రంజకపు రంధ్రం పూడినా, తుపాకీ గుర్రం స్ప్రింగు సడలినా మందు అంటుకోదు. కొడవలి సానపట్టే కొలిమే దీనికీ వర్క్‌షాపు. గొట్టం ఉబ్బినా, పగిలినా మాత్రం దానికి మరమ్మతు లేదు. పక్కన పెట్టేయడమే.

దట్టించడం అసలు విద్య. మందును తూకంతో కాకుండా కొలత గొట్టంతో పోసేవారు. కొద్దిగా మొదలుపెట్టి, గుండు ఎక్కడ తగిలిందో చూసుకుంటూ ఆ తుపాకీకి సరిపోయే కొలత పట్టేవారు. ఒకదాని కొలత ఇంకొకదానికి పనికిరాదు. గుండు వదులైతే వెనక ఆవిరి పక్కల నుంచి పోతుంది, దెబ్బ తగ్గుతుంది. మరీ బిగుతైతే మసి పట్టాక రెండో గుండు దిగదు. గుండుకూ మందుకూ మధ్య ఖాళీ ఉంటే గొట్టమే పేలవచ్చు. ఇవి బడిలో నేర్చినవి కావు. చేత్తో పట్టుకున్న కొలతలు.

తూటా తెచ్చిన చిక్కు

1922లో పోడు మీద ఆంక్షలు, రోడ్ల పనికి వెట్టి మన్యాన్ని మండించాయి. అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర నాయకత్వంలో మనవాళ్లు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను పట్టారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. పట్టుకున్న ఆయుధాల లెక్కను స్టేషను డైరీలోనే రాసి సంతకం పెట్టిన ధైర్యం రాజుది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు హతమయ్యారు.

పట్టిన తుపాకీ నాటు తుపాకీ కన్నా వేగం, గురి గలది. కానీ దానికి ఫ్యాక్టరీ తూటా కావాలి. నాటు తుపాకీకి మందునూ సీసపు గుండ్లనూ ఊళ్లోనే సమకూర్చుకోవచ్చు. ఫ్యాక్టరీ తూటా ఏ కొలిమిలోనూ పుట్టదు. 2,500 తూటాలు 26 తుపాకులకు పంచితే ఒక్కోదానికి వందకు కొంచెం తక్కువ. అవి అయిపోతే మళ్లీ స్టేషనే పట్టాలి. సర్కారుకు ఈ సంగతి అర్థమైంది. అక్టోబరులో అడ్డతీగల స్టేషను మీద పడేసరికి ఆయుధాలు అక్కడ లేవు, ముందే తరలించేశారు. ఆపై మలబార్ పోలీసులు, 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చాయి. 1924 మే 7న రాజు వీరమరణం పొందారు. మనవాళ్లకు ధైర్యం తగ్గలేదు. తూటా వచ్చే దారి మూసుకుపోయింది. రెండేళ్ల పోరాటాన్ని చదివేటప్పుడు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మన బాధ్యత

మిత్రులారా, కొన్ని ఇళ్లలో ఇంకా పాత గొట్టాలు ఉండవచ్చు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం నాటు తుపాకీకీ లైసెన్సు కావాలి. 1972 వన్యప్రాణి చట్టం వేటను నిషేధించింది. సరదాగా పట్టుకుని దిగిన ఫొటో స్టేటస్‌లో పెడితే, కేసు పడేది మన మీదే. పోయేది మన ఉద్యోగమే. పైగా ఎన్నేళ్ల కిందటిదో తెలియని గొట్టంలో మందు నింపితే మొదట పోయేది మన చేయి. అలాంటిది ఇంట్లో ఉంటే తాకకుండా, ఊరి పెద్దలను, వకీలును వెంటబెట్టుకుని చట్టప్రకారం అప్పగించే దారి చూడండి.

దాచుకోవలసింది ఇనుమును కాదు, దాని చుట్టూ ఉన్న మాటలను. గజం, రంజకం, దట్టింపు, మందుకొమ్ము: వీటిని మన భాషల్లో ఏమంటారు? ఏ ఊరి కమ్మరి బాగుచేసేవాడు? అతని పేరు ఏ సర్కారు రికార్డులోనూ దొరకదు, తాతల నోట్లోనే ఉంటుంది. ఈ పండక్కి ఊరెళ్లినప్పుడు ఫోనులో రికార్డు చేసి తీసుకురండి. వచ్చే సంచికలో ఆ పేర్లన్నీ అచ్చువేద్దాం.

మన్యం వీరులకు, పేరు తెలియని కొలిమి పనివాళ్లకు జోహార్!