బ్రౌన్ జాబులు

బ్రౌన్ జాబులు అనగా తెలుగు భాషకు, సాహిత్యానికి విశేష సేవ చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాల సంకలనం. బ్రౌన్ రాసినవే కాక, ఆయనకు పండితులు, లేఖకులు రాసిన ఉత్తరాలు కూడా ఇందులో ఉన్నాయి. ఇవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో భద్రపరచబడ్డాయి. 19వ శతాబ్దపు తెలుగు వచనానికి, పుస్తక సేకరణ చరిత్రకు, ఆనాటి స్థానిక పరిస్థితులకు ఇవి ముఖ్యమైన ఆధారాలు.

నేపథ్యం

కలకత్తాలో జన్మించిన బ్రౌన్ 1817లో మద్రాసుకు వచ్చి, 1820లో కడపలో ఉద్యోగంలో చేరాడు. తరువాత మచిలీపట్నం, రాజమండ్రి, గుంటూరు మొదలైన చోట్ల పనిచేశాడు. కాలుమోపిన ప్రతిచోటా తాళపత్ర గ్రంథాలను సేకరించి, పండితులకు జీతాలిచ్చి శుద్ధప్రతులు రాయించాడు. కడపలోని తన బంగళాలో జూలూరి అప్పయ్య మొదలైన పండితులను నియమించి ఈ పనిని సాగించాడు. తాను వేరే ఊరికి బదిలీ అయినా పని ఆగకుండా ఉండేందుకు వారితో జాబుల ద్వారా సంప్రదిస్తూ ఉండేవాడు. ఈ సంకలనం ఇంత పెద్దది కావడానికి ఇదే కారణం.

1835 నుండి 1838 వరకు ఆయన ఇంగ్లాండులో ఉన్నాడు. విక్టోరియా రాణి సింహాసనమెక్కిన 1837లో లండన్‌లోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణ భారత భాషల వ్రాతప్రతులను గుర్తించి, వాటిని మద్రాసుకు పంపే ఏర్పాటు చేయించాడు. తిరిగి వచ్చి 1855 వరకు మద్రాసులో ఉన్నాడు. 1852లో వెలువడిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఈ కాలపు కృషి ఫలితమే.

గుంటూరు కరువు

1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు ప్రాంతాన్ని పీడించిన కరువును నందన కరువు అనీ డొక్కల కరువు అనీ అంటారు. అప్పటి జిల్లాలోని సుమారు 5 లక్షల జనాభాలో 1,50,000 నుండి 2,00,000 మంది మరణించారని అంచనాలున్నాయి. నేడు పత్తి, మిరప పండే ఈ మైదానంలో ఆనాడు వ్యవసాయం ఎక్కువగా వానపైనే ఆధారపడి ఉండేది. బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట నిర్మాణం ఆ తరువాత రెండు దశాబ్దాలకు గానీ మొదలుకాలేదు.

బ్రౌన్ ఆ సమయంలో గుంటూరులో ఉద్యోగి. పై అధికారులకు రాసిన జాబుల్లో ఆయన ఈ విపత్తును "కొరత" వంటి మెత్తని మాటలతో కాక "కరువు" అనే పేర్కొన్నాడు. ఇది వారికి రుచించలేదు. ఇది కేవలం మాటల పట్టింపు కాదు. కొరత అంటే మార్కెట్టులో సర్దుకునే విషయం. కరువు అని ఒప్పుకుంటే శిస్తు వసూలు, సహాయం విషయాల్లో ప్రభుత్వంపై బాధ్యత పడుతుంది. తరువాతి కాలంలో వాల్టర్ ఇలియట్ గుంటూరు జిల్లా పరిస్థితిపై విచారణ జరిపాడు. శిస్తు బకాయిల కారణంగా జిల్లాలోని పెద్ద జమీందారీలు ప్రభుత్వపరమయ్యాయి.

భాష, విషయం

పండితుల జాబుల్లో ప్రతుల నకలు, పాఠాంతరాలు, జీతాలు, కాగితం, ఇంటి ఇబ్బందులు మొదలైనవన్నీ కనిపిస్తాయి. కావ్య వ్యాఖ్యలను గ్రాంథికంలో రాసిన పండితులే జాబుల్లో వాడుక భాషకు దగ్గరగా రాశారు. అందువల్ల వ్యావహారిక వచనం ఎంత పాతదో తెలుసుకొనడానికి ఇవి ఉపకరిస్తాయి. ఇటువంటి రాతల విలువను బ్రౌన్ స్వయంగా గుర్తించాడు. సొంత వ్యవహారాలకు, పోలీసు, రెవెన్యూ విషయాలకు సంబంధించిన ఉత్తరాలను ఇంగ్లీషు అనువాదంతో కూర్చి, తెలుగు నేర్చుకునేవారికి వాచకంగా ప్రచురించాడు.

ప్రచురణ

ఈ జాబులను వెలుగులోకి తెచ్చినవారిలో ముఖ్యుడు నెల్లూరు జిల్లాకు చెందిన పాత్రికేయుడు, పరిశోధకుడు బంగోరె (బండి గోపాలరెడ్డి, 1938–1982). తెలుగు పత్రికల చరిత్రకు సంబంధించిన జాబులను ఒక పుస్తకంగా, కడప జాబులను స్థానిక చరిత్ర శకలాలుగా మరొక పుస్తకంగా వెలువరించాడు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం బ్రౌన్ పై చేపట్టిన పరిశోధనలో భాగంగా జి.ఎన్.రెడ్డి, బంగోరెల సంపాదకత్వంలో బ్రౌన్ సాహిత్య ఆత్మకథ 1978లో ఇంగ్లీషులో వెలువడింది.

ప్రాముఖ్యం

విక్టోరియా కాలపు ప్రముఖుల లేఖలు సాధారణంగా దొరల వైపు కథనే చెబుతాయి. బ్రౌన్ తనకు వచ్చిన జాబులను కూడా దాచడం వల్ల ఇందులో రెండు వైపుల మాటా మిగిలింది. నిఘంటువు ముఖపత్రంపై ఒక్కరి పేరే ఉన్నా, దాని వెనుక పనిచేసిన తెలుగు పండితుల శ్రమకు ఈ జాబులే సాక్ష్యం.