ఐసోలేటెడ్ ప్రోబు

ఐసోలేటెడ్ ప్రోబు అనేది అధిక వోల్టేజి గల వలయంలోని తరంగ రూపాలను, ఆ వలయానికీ కొలిచే పరికరానికీ మధ్య విద్యుత్ సంబంధం లేకుండా, ఆసిలోస్కోపుపై చూడటానికి ఉపయోగించే సాధనం. మార్కెట్లో లభించేవి ఖరీదైనవి కావడం వలన ఎలక్ట్రానిక్స్ అభ్యాసకులు కొందరు దీనిని స్వయంగా తయారు చేసుకుంటారు.

అవసరం

ఆసిలోస్కోపు ప్రోబుకు ఉండే గ్రౌండు క్లిప్పు సాధారణంగా పరికరం లోపల మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్తుతో కలిసి ఉంటుంది. భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు. దీని శిఖర విలువ సుమారు 325 వోల్టులు. స్విచ్ మోడ్ పవర్ సప్లైలో ట్రాన్స్‌ఫార్మరుకు ముందున్న భాగం నేరుగా ఈ లైనుతోనే కలిసి ఉంటుంది. అక్కడ గ్రౌండు క్లిప్పు తగిలిస్తే షార్ట్ సర్క్యూట్ ఏర్పడుతుంది. దీనిని తప్పించుకోవడానికి ఆసిలోస్కోపు ప్లగ్గులోని ఎర్తు పిన్నును తొలగించేవారు ఉన్నారు. ఇది ప్రాణాంతకం. అప్పుడు క్లిప్పు తాకిన వోల్టేజి పరికరపు లోహపు పెట్టెకు, ముందున్న కనెక్టర్లకు కూడా చేరుతుంది. 100:1 ప్రోబు వాడినా సమస్య తీరదు. అది వోల్టేజిని తగ్గిస్తుందే గాని గ్రౌండును వేరు చేయదు.

నిర్మాణం

మొదటి భాగం వోల్టేజి విభాజకం. 1 మెగా ఓం నిరోధకాలు పదింటిని వరుసగా కలిపి, చివర 10 కిలో ఓంల నిరోధకం చేర్చితే నిష్పత్తి 1001:1 అవుతుంది. అంటే 1000 వోల్టులకు సుమారు 1 వోల్టు వస్తుంది. ఒకే 10 మెగా ఓంల నిరోధకం వాడరాదు. సాధారణ పావు వాటు నిరోధకం సుమారు 250 వోల్టులకు మించి తట్టుకోలేదు. పదింటికి పంచితే ఒక్కొక్కదానిపై 100 వోల్టులే పడతాయి. అధిక పౌనఃపున్యాల వద్ద నిష్పత్తి మారకుండా ఒక్కొక్క పై నిరోధకానికి సమాంతరంగా 10 పికోఫారడ్, కింది దానికి 1000 పికోఫారడ్ కెపాసిటర్లు కలుపుతారు.

రెండవ భాగం లీనియర్ ఆప్టోకప్లర్. ఇందులో ఒక ఎల్.ఇ.డి., రెండు ఒకే రకపు ఫోటోడయోడ్లు ఉంటాయి. మొదటి ఫోటోడయోడ్ ఇన్‌పుట్ వైపే ఉండి కాంతిని గమనిస్తుంది, దానిని బట్టి ఆప్-ఆంప్ ఎల్.ఇ.డి. కరెంటును సరిచేస్తుంది. రెండవది అవుట్‌పుట్ వైపు సంకేతాన్ని ఇస్తుంది. ఎల్.ఇ.డి. కాంతి ఒకే దిశలో పెరుగుతుంది కనుక, రుణ వోల్టేజి కూడా కొలవాలంటే సున్నా వద్దనే కొంత కరెంటు ప్రవహించేటట్లు అమర్చాలి.

భద్రత

రెండు వైపులా వేర్వేరు బ్యాటరీలు ఉండాలి. ఒకే బ్యాటరీ రెంటికీ ఇస్తే ఐసోలేషన్ అక్కడికక్కడే పోతుంది. ఇన్‌పుట్ వైపు బ్యాటరీ 9 వోల్టులదే అయినా, కొలిచేటప్పుడు దాని రెండు కొసలూ లైను వోల్టేజి వద్ద ఉండవచ్చు. ఇంట్లో తయారు చేసుకునేవారు ఎక్కువగా మరచిపోయే విషయం ఇదే. కావున అది మూసిన ప్లాస్టిక్ పెట్టెలోనే ఉండాలి, క్లిప్పులు తీసిన తరువాతే మార్చాలి. బోర్డుపై ఆప్టోకప్లర్ కింద రాగి గీతలేవీ ఉండకూడదు. అక్కడ బోర్డును చీల్చి సందు చేస్తే దుమ్ము, తేమ వలన కరెంటు పాకదు. ఆప్టోకప్లర్ వివరపత్రంలో కనిపించే 5000 వోల్టుల వంటి అంకె ఒక నిమిషపు పరీక్షకు సంబంధించినది, నిరంతరం పనిచేయగల వోల్టేజి అంతకంటే చాలా తక్కువ.

పరిమితులు

క్రమాంకనం మొదట తక్కువ డి.సి. వోల్టేజితో, మల్టీమీటరుతో పోల్చి చేయాలి. ఆప్టోకప్లర్ వేగం పరిమితం కనుక స్విచింగ్ ట్రాన్సిస్టర్ల వేగవంతమైన అంచులు దీనిలో మొద్దుబారి కనిపిస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్‌లో కొన్ని వేల వోల్టులు, అధిక కరెంటు ఇవ్వగల ట్రాన్స్‌ఫార్మరు ఉంటాయి. ఇటువంటి ప్రోబును అక్కడ ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు.