తెర మీది చుక్కకు పేరొచ్చిన కథ

1956 జులై 25 రాత్రి. అమెరికా తూర్పు తీరంలో నాంటకెట్ దీవికి దక్షిణంగా అట్లాంటిక్ సముద్రం. ఇటలీ వాళ్లు గొప్పగా చెప్పుకునే ప్రయాణికుల ఓడ ఆండ్రియా డోరియా దట్టమైన పొగమంచులో న్యూయార్క్ వైపు పోతోంది. ఆ రోజే న్యూయార్క్ నుంచి బయల్దేరిన స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ ఎదురుగా వస్తోంది. రెండింటిలోనూ రాడార్ ఉంది, రెండూ ఒకదాన్నొకటి చూశాయి కూడా. డోరియా వాళ్లయితే 17 మైళ్ల దూరంలో ఉండగానే పసిగట్టారు. అయినా 11 గంటలు దాటిన కాసేపటికే స్టాక్‌హోమ్ ముక్కు డోరియా కుడి డొక్కలోకి దిగిపోయింది. రెండు ఓడల్లో కలిపి 51 మంది చనిపోయారు. తెల్లవారాక డోరియా మునిగిపోయింది.

పొగమంచులో కనపడక గుద్దుకున్నాయంటే సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ కనపడ్డాక గుద్దుకున్నాయి.

ఎదుటి ఓడ తమకు కాస్త కుడిపక్కన ఉందనుకున్నాడు డోరియా కెప్టెన్ పియరో కాలమై. మరికాస్త ఎడం ఇద్దామని ఓడను కొద్దిగా ఎడమకు తిప్పించాడు. స్టాక్‌హోమ్‌లో ఆ వేళ కాపలా థర్డ్ ఆఫీసర్ కార్‌స్టెన్స్‌ది. ఆయన లెక్కలో ఎదుటి ఓడ ఎడమపక్కన ఉంది. ఆయన కుడికి తిప్పాడు. దారి ఇస్తున్నామనుకుంటూనే ఒకరి మీదికొకరు వచ్చారు. రెండింటి వేగం కలిపితే గంటకు దాదాపు 40 నాటికల్ మైళ్లు. అంటే నిమిషంన్నరకో మైలు చొప్పున మధ్య దూరం కరిగిపోతోంది.

నిజానికి రాడార్ చేసే పని చాలా తక్కువ. ఫలానా దిక్కున, ఇంత దూరంలో ఏదో ఉందని ఒక చుక్క వెలిగిస్తుంది. ఆ చుక్క ఎటు పోతోందో మనిషే రాబట్టుకోవాలి. చుక్క ఉన్నచోట పెన్సిల్‌తో గుర్తు పెడతారు. ఆరు నిమిషాలాగి మళ్లీ పెడతారు. ఆరు నిమిషాలంటే గంటలో పదోవంతు కాబట్టి రెండు గుర్తుల మధ్య దూరాన్ని పదితో హెచ్చవేస్తే మనతో పోల్చిన వేగం వచ్చేస్తుంది. ఆ గుర్తులను కలిపే గీతను ముందుకు పొడిగిస్తే అవతలి ఓడ మనకు ఎంత దగ్గరగా దాటుతుందో తెలుస్తుంది. దిక్కు మారకుండా దూరం మాత్రమే తగ్గుతోందంటే ఢీకొనబోతున్నట్టే. ఆ రాత్రి డోరియాలో ఎవరూ గీత గీయలేదు. స్టాక్‌హోమ్‌లో గీశారు గానీ, దూరపు స్కేలు తప్పు చదివి ఉంటారన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. రెండు కంపెనీలూ కోర్టు బయట రాజీ పడటంతో తప్పెవరిదో అధికారికంగా తేలనే లేదు.

రాడార్ ఆలోచన అప్పటికే అరశతాబ్దం నాటిది. 1904 మేలో జర్మనీలోని కొలోన్‌లో క్రిస్టియన్ హ్యూల్స్‌మేయర్ రైన్ నది మీద పోయే పడవలను రేడియో తరంగాలతో కనిపెట్టి, గంట మోగించి చూపించాడు. కొనేవాళ్లే దొరకలేదు. ముందుచూపున్న వాళ్లకు ముందుగా బేరం తగలకపోవడం మామూలే కదా! రెండో ప్రపంచ యుద్ధం దగ్గరపడితే తప్ప రాడార్ ఓడలెక్కలేదు. 1969లో నార్వేకు చెందిన నార్‌కంట్రోల్ సంస్థ పెన్సిల్ పనిని కంప్యూటర్‌కు అప్పగించింది. చుక్క ఎటు పోతోందో, ఎప్పుడు దగ్గరికొస్తుందో అదే లెక్కగట్టేది. 1984లో ఇటలీ ఇంజనీర్లు సముద్రపు మ్యాపును చిన్న తెర మీదికి తెచ్చారు. ఇవాళ బోట్లలో చూసే చార్ట్‌ప్లాటర్‌కు అదే మొదలు.

అయినా చుక్కకు పేరు లేదు. వైర్‌లెస్‌లో పిలవాలంటే 'నా ముందున్న ఓడా' అని పిలవాల్సిందే. నాలుగు ఓడలుంటే నాలుగూ పలుకుతాయి, లేదా ఒక్కటీ పలకదు.

ఈ చిక్కును విప్పింది కొత్త కన్ను కాదు, నోరు. ఎదుటివాడిని వెతికే బదులు ఎవరికి వారు 'నేను ఫలానా, ఇక్కడున్నాను, ఇటు పోతున్నాను' అని చెప్పుకుంటే పోలేదా? 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకర్ రాతిదిబ్బకెక్కి చమురు ఒలకబోశాక, అక్కడి ట్యాంకర్లు తమ ఉనికిని తీరానికి తామే తెలియజేయాలని అమెరికా పట్టుబట్టింది. అదే దారిలో ఏఐఎస్ అనే వ్యవస్థ రూపుదిద్దుకుంది. జీపీఎస్ చెప్పిన చోటును, వేగాన్ని, దిశను, పేరును ప్రతి ఓడా వీహెచ్‌ఎఫ్ రేడియోలో పంపుతుంది. వేగంగా పోయే పెద్ద ఓడయితే రెండు సెకన్లకోసారి, లంగరేసి ఉంటే మూడు నిమిషాలకోసారి.

అందరూ ఒకేసారి మాట్లాడితే రణగొణ ధ్వనే మిగులుతుంది. స్వీడన్ ఆవిష్కర్త హోకన్ లాన్స్ పేరుతో ముడిపడిన కిటుకు ఇక్కడే ఉంది. ఒక్కో చానల్‌లో నిమిషాన్ని 2,250 ముక్కలు చేశారు. ప్రతి ఓడా తన ముక్కలో మాట్లాడుతూనే, తర్వాత ఏ ముక్క వాడుకుంటుందో చెప్పేస్తుంది. వీధి కుళాయి దగ్గర బిందె పెట్టి వంతు ఖాయం చేసుకున్నట్టన్నమాట. మధ్యలో పెత్తందారు ఎవరూ లేరు.

అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నులు పైబడిన ఓడలకు దీన్ని 2002 నుంచి దశలవారీగా తప్పనిసరి చేయడం మొదలుపెట్టారు. న్యూయార్క్ జంట భవనాల మీద దాడి తర్వాత గడువును ముందుకు జరిపి 2004 చివరికల్లా పూర్తి చేయమన్నారు. ఇవాళ ప్లాటర్ మీద చిన్న త్రికోణాన్ని వేలితో తాకితే చాలు, ఓడ పేరు, తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్య, ఎన్ని నిమిషాల్లో ఎంత దగ్గరికి వస్తుందో అన్నీ కనిపిస్తాయి. సంఖ్య 419తో మొదలైతే అది మన దేశపు ఓడ.

సముద్ర మట్టంలో ఈ మాటలు 20 మైళ్లకు అటూ ఇటూగా వినిపిస్తాయి. నడిసముద్రంలో ఎవరు వినాలి? నార్వే ఉపగ్రహంతో వినాలనుకుంది. ఆరు కిలోల ఆ బుల్లి ఉపగ్రహం ఏఐఎస్‌శాట్-1ను నింగికెక్కించింది మన శ్రీహరికోటే. 2010 జులై 12న, పీఎస్‌ఎల్‌వీ-సీ15 మీద.

ఇంతా చేసి, నోరు మెదపని ఓడ ఈ వ్యవస్థకు లేనట్టే లెక్క. 2017 జూన్‌లో జపాన్ దగ్గర అమెరికా యుద్ధనౌక ఫిట్జ్‌గెరాల్డ్‌ను ఒక సరకు ఓడ గుద్దింది. ఏడుగురు నావికులు చనిపోయారు. యుద్ధనౌక తన ఏఐఎస్‌లో వింటోంది గానీ పలకడం లేదు. కొన్ని వివరాలు మనుషులు చేత్తో నమోదు చేసేవి కావడంతో, పూర్తి వేగంతో పోతూ 'లంగరేసి ఉన్నాం' అని చాటుకునే ఓడలూ ఉన్నాయి.

మన విశాఖ, కాకినాడ తీరాల్లో వేటకెళ్లే చిన్న బోట్ల సంగతీ ఇదే. చెక్క, ఫైబర్ బోట్లు రాడార్ మీద సరిగా మెరవవు. అలల మధ్య వాటి చుక్క కలిసిపోతుంది. ఏఐఎస్ లేకపోతే రాత్రిపూట వల మీదున్న బోటు పెద్ద ఓడ తెర మీద అసలు కనపడకపోవచ్చు. 2024 ఆగస్టులో కేంద్రం 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని ప్రారంభించింది. మంచి పనే. అయితే ఆ పరికరం ఉపగ్రహం ద్వారా ఒడ్డుతో మాట్లాడటానికి. పక్కనుంచి పోయే ఓడ తెర మీద కనపడాలంటే ఏఐఎస్ విడిగా ఉండాలి. బోటు యజమానులు, సరంగులు ఈ తేడా గమనించాలి. పరికరం బిగించడానికి వచ్చినవాళ్లను నిలదీసి అడగండి: ఇది ఒడ్డుకు మాత్రమే చెబుతుందా, ఎదురొచ్చే ఓడకూ చెబుతుందా?